గాజుకి పట్టిన మరక

చెల్లి సంచి నేనే సర్దాను. అడుగున మందపాటి దుప్పటి, దాని మీద రెండు స్వెట్టర్లు, లోపలి బట్టలు నాలుగు జతలు, సబ్బు, దువ్వెన, బిగుతు మూత ఉన్న చిన్న డబ్బా. ఆ డబ్బా కఫం ఉమ్మడానికి. ఏమేం తెచ్చుకోవాలో కొండ మీది ఆసుపత్రి వాళ్ళు ఒక జాబితా పంపారు. చెల్లి మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ చదివింది, నేను ఒక్కొక్కటీ పెట్టాను. రుమాళ్ళు ఆరు అని చదివినప్పుడు మాత్రం ఇద్దరం ఆగిపోయాం. ఇంట్లో ఉన్న రుమాళ్ళన్నిటికీ నారింజ రంగు మరకలే. మందు మొదలుపెట్టిన కొత్తలో చెల్లి కన్నీళ్ళు కూడా ఆ రంగులోనే వచ్చేవి.

"మరకలు వదిలించడమే నీ ఉద్యోగం. వీటి దగ్గర మాత్రం ఓడిపోయావక్కా," అంది.

"నువ్వు ఏడవకుండా ఉంటే అసలు మరకలే పడవు," అన్నాను.

సంచిలో పెట్టాల్సింది ఇంకొకటి ఉంది. అది ఆ జాబితాలో లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, పనికి వేసుకెళ్ళే నా కోటు జేబులో ఉంది. దాని సంగతి చెల్లికి తెలియదు. బస్సు పదకొండున్నరకి. సంచి జిప్పు మూడుసార్లు వేసి మూడుసార్లు తీశాను. ఏం మర్చిపోయావని చెల్లి అడిగితే, ఏదో మర్చిపోయినట్టుంది, ఏమిటో గుర్తు రావట్లేదు అన్నాను.

నేను అప్పట్లో ఒక మందుల కంపెనీలో, పరీక్షల గదిలో గాజు సామాను కడిగేదాన్ని. ఆ గదిలో ఒక బల్ల మీద గోరువెచ్చని నీళ్ళ తొట్టి, అందులో సగం దాకా మునిగి ఆరు గాజు పాత్రలు ఉండేవి. ఒక్కొక్క దాంట్లో మనిషి పొట్టలో ఉండేలాంటి యాసిడ్ పోసి, మనిషి ఒంటి వేడికి తెచ్చి, ఒక్కొక్క మాత్ర వేసేవాళ్ళు. పైనుంచి చిన్న తెడ్డు తిరుగుతూ ఉండేది. ముప్పావు గంట అయ్యాక అందులోంచి కాస్త ద్రవం తీసి, మాత్రలోని మందు ఎంత బయటికి వచ్చిందో కొలిచేవాళ్ళు. మేము ఆ పాత్రల్ని పొట్టలు అనేవాళ్ళం. పొద్దున్న ఆరు పొట్టలు, మధ్యాహ్నం ఆరు పొట్టలు. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, "ఇవాళ ఎన్ని పొట్టలు కొట్టావమ్మా?" అనేవాడు. ఊళ్ళో వాళ్ళ పొట్టలు కాదులే, నువ్వు భయపడకు అనేదాన్ని.

నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అమ్మ పోయేసరికి నాకు పదిహేడేళ్ళు, చెల్లికి ఆరు. నేను పనిలోకి వెళ్ళాను, అది బడికి వెళ్ళింది. పెద్దయ్యాక అది ఒక అచ్చాఫీసులో చేరింది. అచ్చుకి వెళ్ళే కాగితాల్లో తప్పులు దిద్దడం దాని పని. దారిలో కనిపించిన బోర్డుల మీద తప్పులన్నీ పట్టేది. నాకు చదువు నేర్పాలని పలకలూ పుస్తకాలూ తెచ్చి రెండు మూడుసార్లు కూర్చోబెట్టింది. ఇంట్లో ఒకరికి వచ్చు, చాలదా అని నేను లేచిపోయేదాన్ని. నా ఉత్తరాలు అది రాసేది. నా జీతం రసీదు అది చదివేది. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే, మా అక్కకి చదివి పెట్టడానికి మనిషి కావాలి కదా అని అదే జవాబు చెప్పేది.

ఆ ఏడాది చలికాలం మొదట్లో దానికి క్షయ అని తేలింది. రెండు నెలల దగ్గు, సాయంత్రం అయ్యేసరికి జ్వరం, నడుం మీద బట్ట నిలవనంత చిక్కిపోవడం. క్లినిక్‌లో డాక్టరు, మేము దగ్గు డాక్టరు అని పిలిచేవాళ్ళం, ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా మందు వేసుకోవాలన్నాడు. పాత రోజుల్లో అయితే గుప్పెడు మాత్రలు మింగాలట. ఇప్పుడు అన్ని మందులూ కలిపి ఒకే మాత్రలో పెట్టేశారు, బరువుని బట్టి రోజుకి మూడు, పొద్దున్నే ఖాళీ కడుపున. ఆ అట్ట మీద ఉన్న గుర్తు చూడగానే నేను పోల్చుకున్నాను. మా కంపెనీదే. మా పొట్టల్లో తిరిగే మాత్రే.

నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఇది మేము చేసిందేనని డాక్టరుతో అన్నాను. మేము ఏమిటి, నువ్వు గిన్నెలు తోమేదానివి కదా అని చెల్లి ఎగతాళి చేసింది.

ఆ మాత్రలో ఒకటి ఎర్ర మందు. అది ఒంట్లోకి వెళ్తే మూత్రం ఎర్రగా వస్తుంది, చెమట, కన్నీళ్ళు కూడా రంగు తేలతాయి. మొదటి రోజు చెల్లి హడలిపోయింది. రెండో రోజుకి అదే దానికి వేళాకోళం అయింది. "నా ఒంట్లో సిరా నింపారక్కా. మా ఆఫీసు వాళ్ళు ఇక సిరా కొనక్కర్లేదు, నన్ను పిండుకుంటే చాలు," అనేది. ఆ మొదటి నెలలో దగ్గు సగం తగ్గింది. రెండు కిలోల బరువు పెరిగింది. పొద్దున్నే నేను నీళ్ళ గ్లాసుతో దాని మంచం దగ్గర నిలబడేదాన్ని. మూడు మాత్రలూ గొంతు దిగేదాకా కదిలేదాన్ని కాదు.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

కడిగేవాళ్ళకి ఒక నమ్మకం ఉండేది. నాకు పని నేర్పి వెళ్ళిపోయిన పెద్దావిడ చెప్పింది. పొట్టలో మరక ఎంత మొండిగా ఉంటే ఆ మందు అంత గట్టిదట. నీరులాంటి మందు నీళ్ళతోనే పోతుంది, అసలైన మందు గాజుని పట్టుకుంటుంది అని ఆవిడ లెక్క. ఇరవై రెండేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఎర్ర మందు మాత్రల మరకలు మామూలుగా ఒక కడుగుకి పోయేవి. చెల్లికి మందు మొదలుపెట్టిన మొదటి వారంలో పరీక్షకి ఒక విడత మాత్రలు వచ్చాయి, నంబరు నాలుగు వందల పదిహేడు. ఆ మధ్యాహ్నం ఆరు పొట్టల్లోనూ అడుగున ఇటుక రంగు పొర పట్టేసింది. సోడా వేసి, వేడి నీళ్ళు పోసి, బ్రష్‌తో మూడుసార్లు రుద్దితే గానీ పోలేదు. నా గోళ్ళ సందుల్లో ఆ రంగు రెండు రోజులు ఉంది. ఇలాంటి గట్టి మందు నా సర్వీసులో చూడలేదని మనసులో అనుకున్నాను. ఆ పాత్రల మీద అంటించిన చీటీ మీది నంబరు కంఠస్థం చేశాను.

ఆ విడత పాసై బయటికి వెళ్ళింది. మూడు వారాల తర్వాత క్లినిక్ మందుల కిటికీ లోపల ఒక పెట్టె మీద ఆ నంబరు కనిపించింది. కాంపౌండరు ఇచ్చిన అట్టల్ని తిప్పి చూశాను, వేరే నంబరు. ఇవి వద్దు, నాలుగు వందల పదిహేడు ఇవ్వండి అన్నాను. అతను కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"చెప్పులు ఏరుకున్నట్టు ఏరుకుంటున్నావేంటమ్మా? అన్నీ ఒకటే మందు."

"ఒకటే అయితే నేను అడిగింది ఇవ్వడానికి మీకేం పోయింది?"

అతను నవ్వి లోపలి పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. నేను ఎక్కడ పనిచేస్తానో అతనికి తెలుసు. నెలనెలా నేను వెళ్ళేసరికి ఆ నంబరు అట్టలు విడిగా తీసి ఉంచేవాడు. నా వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు ఇదంతా విన్నారు. కంపెనీలో పనిచేసే ఆవిడ అడిగి మరీ తీసుకుంటోందంటే అందులో ఏదో ఉందని వాళ్ళూ అదే నంబరు అడగడం మొదలుపెట్టారు. గొడుగు లేకుండా ఎప్పుడూ రాని ఒక ముసలాయన, కడుపుతో ఉన్న ఒక అమ్మాయి, ఇంకా ఎవరెవరో. వాళ్ళ సంగతి తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలుసుకునే ధైర్యం చేయలేదు.

చెల్లికి అట్టలు చూపించి, ఇవి నీకోసం ఏరి తెచ్చాను అన్నాను. పెళ్ళికి నగలు తెచ్చిన దానిలా ఉన్నావు అంది.

నెల తిరిగాక ఒక పొద్దున్న బాత్‌రూమ్‌లోంచి వస్తూ, "సిరా పలచబడిందక్కా," అంది. మునుపటంత ఎర్రగా రావడం లేదట.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. మంచిదేగా, మందుని ఒళ్ళు పట్టేసుకుంటోంది, బయటికి వదలట్లేదు అన్నాను. కంపెనీ మనిషిని కదా. అది నమ్మింది.

వేసవి మధ్యలో ఆరు నెలలూ పూర్తయ్యాయి. ఆఖరి కఫం పరీక్షలో క్రిములు ఉన్నాయి. ఉండటమే కాదు, లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. దగ్గు డాక్టరు కాగితం బల్ల మీద పడేసి, మధ్యలో మానేశావు కదూ అన్నాడు. చెల్లి మానలేదంది. అందరూ అదే అంటారు, ఒంట్లో కాస్త బాగుండగానే మాత్రలు దిండు కింద పెడతారు, నాకు తెలియదా అన్నాడు. నేను రోజూ ఎదురుగా నిలబడి వేయించానని నేను చెప్పాను. అతను నా వైపు తిరగలేదు. కొండ మీది ఆసుపత్రికి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. చెల్లికి తలకిందులుగా ఉన్న అక్షరాలు కూడా చదవడం వచ్చు, అచ్చాఫీసు అలవాటు. బయటికి వచ్చాక చెప్పింది. "రోగి మందులు సరిగా వాడలేదు అని రాశాడక్కా. నా పేరు పక్కనే."

జబ్బు తిరగబెట్టినందుకు అది ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చింది. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దిన మనిషి.

ఆ వారమే మా గదికి కొత్త యంత్రం వచ్చింది. అప్పటిదాకా ఎర్ర మందుని రంగు చూసి కొలిచేవాళ్ళు. ద్రవంలోంచి వెలుగు పంపి, ఎంత ఎరుపు ఉంటే అంత మందు అని లెక్క వేసేవాళ్ళు. ఈ కొత్త యంత్రం సన్నటి ఉక్కు గొట్టంలోంచి ద్రవాన్ని పంపి, అందులో ఉన్నవాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, దేన్ని దానిగా చూపిస్తుంది. మా గదిలో కెమిస్టు ముప్పై ఏళ్ళ మనిషి, నన్ను మీరు అని పిలిచేది ఆ కంపెనీలో ఆవిడ ఒక్కతే. యంత్రం చేతికి అలవాటు కావడానికి బీరువాలో దాచిన పాత విడతల మాత్రలు తీసి, ఒక్కొక్క నంబరూ పొట్టల్లో వేయడం మొదలుపెట్టింది. నేను పక్కన పాత్రలు తుడుస్తున్నాను. చీటీ మీద నంబరు చూశాను.

"ఆ నంబరు నాకు తెలుసు మేడమ్. అంత గట్టి మందు ఈ గదిలోకి మళ్ళీ రాలేదు."

"గట్టిదని ఎవరన్నారు?"

మరక సంగతి చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ముప్పావు గంట కాగానే తెడ్డు ఆపి, పాత్ర ఎత్తి, అడుగు వెలుగుకి పెట్టి చూసింది. ఇటుక రంగు పొర. కాసేపటికి యంత్రంలోంచి కాగితం వచ్చింది, దాని మీద కొండల్లాంటి గీతలు. ఉండాల్సిన చోట కొండ పొట్టిగా ఉంది. ఉండకూడని చోట ఇంకో కొండ లేచింది. ఆవిడ మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక నన్ను స్టూలు మీద కూర్చోమంది.

"ఎర్ర మందు ఒక్కటే యాసిడ్‌లో వేస్తే కొంచెమే చెడుతుంది. ఈ మాత్రలో పక్కన తెల్ల మందు ఒకటి ఉంది. ఆ రెండూ యాసిడ్‌లో కలుసుకున్నాయంటే ఎర్ర మందు గబగబా విరిగిపోతుంది. విరిగినదానికీ ఎర్ర రంగే ఉంటుంది, అందుకే పాత పద్ధతికి తేడా తెలియలేదు. అది యాసిడ్‌లో కరగదు. గాజుని పట్టుకుంటుంది. మీరు రుద్దింది మందుని కాదమ్మా, చచ్చిన మందుని."

కలుసుకోకుండా ఉండటానికే తెల్ల మందుకి పొట్టలో కరగని పూత వేస్తారట. ఆ విడతప్పుడు పూత వేసే యంత్రం పాడై, పూత పలచగా పడిందట. రంగు పరీక్షలో పాసైంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పాస్ అని సంతకం పెట్టింది తానే అని కూడా చెప్పింది. మూడో వంతు పైగా మందు పొట్టలోనే పోతుంది, మిగిలిన అరకొర మందుకి క్రిములు చావవు, అలవాటు పడతాయి అంది.

"మా చెల్లి ఐదు నెలలు ఆ నంబరే మింగింది," అన్నాను.

"ఐదు నెలలూ ఒకే నంబరు ఎలా వచ్చింది? క్లినిక్‌లో కలిపి ఇస్తారు కదా."

"నేనే అడిగి తెచ్చాను మేడమ్."

ఆవిడ చేతిలో ఉన్న పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టింది.

ఆ సాయంత్రం ఆవిడ మేనేజరు గదిలోకి వెళ్ళింది. గాజు తలుపు సరిగా మూసుకోదు. ఆ కొత్త యంత్రం పద్ధతి ఇంకా పరీక్షల పుస్తకంలోకి ఎక్కలేదు, పుస్తకంలో ఉన్న పద్ధతిలో అది పాసే అని ఆయన అనడం వినిపించింది. తర్వాత కాస్త మెత్తగా, "ఆ సరుకు అయిపోయింది. మింగినవాళ్ళు మింగేశారు. ఇప్పుడు తవ్వి ఏం తీస్తారు?" అన్నాడు.

మర్నాడు ఆవిడ నాకు ఒక కాగితం ఇచ్చింది. చేత్తో రాసి, కింద సంతకం పెట్టింది. కంపెనీ ముద్ర లేదు. ఇది నేను రాయకూడదు, నా ఉద్యోగం పోతుంది, అయినా రాశాను అంది. కొండ మీది డాక్టరు చేతికి అందితే చాలు, ఆయనకి అర్థమవుతుంది, మీ చెల్లెలు మందు మానలేదని కూడా రాశాను అంది.

నా కోటు జేబులో ఉన్నది ఆ కాగితం.

పదకొండింటికి బస్‌స్టాండుకి చేరాం. చెల్లి కిటికీ పక్క సీటులో కూర్చుంది, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని. సంచి ఒళ్ళో పెట్టుకుంది. నేను కింద నిలబడ్డాను. డ్రైవరు ఇంకా రాలేదు.

"అక్కా, నేను ఒక్క పూటైనా మానానా?"

"లేదే."

"మరెందుకిలా అయింది?"

నా చెయ్యి జేబులోనే ఉంది. కాగితం మడతలు వేళ్ళకి తగులుతున్నాయి. చెల్లి అక్షరం కనిపిస్తే వదిలే మనిషి కాదు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదువుతుంది. ఈ కాగితం సంచిలో పెడితే మొదటి మలుపు తిరిగేలోపు చదివేస్తుంది. నంబరు చదువుతుంది. ఆ నంబరు అట్టలు విజయం సాధించినదానిలా ఎవరు మోసుకొచ్చారో గుర్తుకొస్తుంది. సిరా పలచబడిందంటే ఎవరు ఏం చెప్పారో గుర్తుకొస్తుంది. కొండ దాకా ఆరు గంటల ప్రయాణం. ఆ ఆరు గంటలూ నా గురించి అది ఏమనుకుంటుందో ఆలోచించాను. నా చెయ్యి బయటికి రాలేదు.

"ఏమో, కొందరి ఒంటి తత్వం అంత," అన్నాను.

"అలాగేలే," అంది. రుమాలు సర్దుకుని, "వాళ్ళకి నువ్వు చెప్పక్కా, నేను మానలేదని. నువ్వు చెప్తే నమ్ముతారు," అంది.

చెప్తానన్నాను. సోమవారం ఆ కాగితం తిన్నగా డాక్టరుకే పోస్టు చేద్దామనుకున్నాను. అలా అయితే చెల్లి కంట పడదు. బస్సు కదిలాక కిటికీలోంచి రుమాలు ఊపింది. నారింజ మరక ఉన్నదే.

సోమవారం కవరు కొన్నాను. చిరునామా రాయాలి. నాకు చిరునామాలు రాసిపెట్టే మనిషి బస్సెక్కి వెళ్ళిపోయింది. కెమిస్టుని అడగవచ్చు, కానీ అడిగితే ఇంకా పంపలేదని తెలిసిపోతుంది. ఆవిడే అడిగింది, కాగితం ఇచ్చారా అని. ఇచ్చానన్నాను. ఆవిడ ముఖం తేలికపడింది. ఆ నెలాఖరుకి ఆవిడని ఇంకో ఊరి ఫ్యాక్టరీకి మార్చారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, మీ చెల్లి కోలుకుంటుంది, నాకు ఉత్తరం రాయించండి అంది.

చెల్లి ఉత్తరాలు కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ చదివి పెట్టేది. అక్కడ నర్సు ఎదురుగా నిలబడి మాత్రలు మింగిస్తుందట, నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తుందట. మందులు ఎగ్గొట్టేవాళ్ళ వార్డులో వేశారట. మాత్రలు అవే, నీ కంపెనీవే అని రాసింది. సిరా మళ్ళీ చిక్కబడిందక్కా, కానీ ఈసారి దగ్గు తగ్గడం లేదు అని రాసింది. నువ్వు వాళ్ళకి రాశావా, ఇంకా నన్ను దొంగలాగే చూస్తున్నారు అని రాసింది. కుట్టుపని ఆవిడ అక్కడ ఆగి నా వైపు చూసింది. జవాబు రాయమంటారా అని అడిగింది. రాయించాను. అందరూ బాగున్నారని, చలిలో తిరగొద్దని రాయించాను. ఆ కాగితం సంగతి ఆవిడ ముందు ఎలా చెప్పను?

తర్వాత చలికాలంలో చెల్లి పుస్తకాలు ముందేసుకుని చదవడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎవరినీ అడగలేదు. మందు సీసాల మీద నాకు చూపుకి తెలిసిన మాటలు కొన్ని ఉన్నాయి, వాటి అక్షరాలు పట్టుకుని మిగతావి విడదీసుకున్నాను. పది నెలలు పట్టింది. ఇప్పుడు చాలా చదువుతాను, కళ్ళు మంటెత్తేదాకా చదువుతాను. మొదట పూర్తిగా చదివింది మాత్రం ఆ కాగితమే. నేను భయపడినట్టు అందులో నా గురించి ఏమీ లేదు. అట్టలు ఎవరు ఏరి తెచ్చారో లేదు. ఆఖర్న రెండు వాక్యాలు ఉన్నాయి. ఈ రోగి ఒక్క రోజు కూడా మందు మానలేదు. ఇవే మాత్రలు మళ్ళీ ఇవ్వకండి, మందులు మార్చండి.

సంచి పార్సిల్‌లో వచ్చింది. దుప్పటి, స్వెట్టర్లు, దువ్వెన, రుమాళ్ళు ఆరూ ఉన్నాయి. డబ్బా వాళ్ళు ఉంచేసుకున్నారు. చెల్లి తిరిగి రాలేదు. బస్సెక్కి వెళ్ళిన ఏడాదే, నవంబరు పద్నాలుగు, మంగళవారం, పొద్దున్న మాత్రలు మింగించే వేళకి ముందు చనిపోయింది.